గీత పడే సాంచ

సిరిసిల్లలో ఆమెను కాలేజీ మేడమ్ అంటారు. జగిత్యాల పోతే సాంచల మేడమ్ అంటారు. పుట్టిన కోరుట్లలో ఎన్ని డిగ్రీలు తగిలించుకున్నా ఆమె బీడీల రాజక్క బిడ్డే. మూడు ఊళ్లు కలిసి కూడా ఆ మనిషిని రత్నమాల అని సొంత పేరుతో పిలిచింది తక్కువ. రత్నా అని నోరారా పిలిచేవాడు ఒక్కడుండేవాడు, నిరుడు ఎండాకాలం దాకా.

సాంచ అంటే మరమగ్గం. మరమగ్గం అన్న మాట సర్కారు కాగితాల మీద బతుకుతుంది గాని సిరిసిల్లలో ఎవరి నోటా ఉండదు. ఇంట్లో కొన్ని సాంచలు పెట్టుకుని, షావుకారి దగ్గర నూలు తెచ్చి గుడ్డ నేసి ఇచ్చేవాణ్ని ఆసామి అంటారు. పేరు విని ఏ జమీందారో అనుకునేరు. పొద్దంతా నూలు దుమ్ము మింగి, కరెంటు పోతే కప్పు వంక చూస్తూ కూర్చునే మనిషి. మహేందర్ అలాంటి ఆసామి. రత్నమాల మొగుడు.

కోరుట్లలో ఆమె పుట్టింట గుంటమగ్గం గుంతను ఆమె పుట్టకముందే పూడ్చేశారు. తండ్రి మహారాష్ట్రలోని భీవండి పోయి అక్కడి సాంచల మీద బతికి అక్కడే పోయాడు. తల్లి రాజక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. "నీ చేతుల తునికాకు జూసిన్నాడు నా కండ్లల్ల మన్నువడ్డట్టే" అనేది బిడ్డతో. ఇల్లంతా పొగాకు ఘాటు. ఆ ఘాటుకు తుమ్ముతూ తుమ్ముతూనే రత్నమాల కామర్స్‌లో పెద్ద చదువు చదివి, జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా కుదురుకుంది. సిరిసిల్ల సంబంధం వచ్చినప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే.

"నౌకరి ఇడువను."

"ఎవలిడువమన్నరు?" అన్నాడు మహేందర్. "సాంచలు నేను నడుపుత, సదువు నువ్వు నడుపు. ఏది ముందు ఆగుతదో చూద్దాం."

అత్త శంకరవ్వకు ఈ ఏర్పాటు నచ్చలేదు. కోడలు పొద్దున్నే వేములవాడ మీదుగా జగిత్యాల బస్సెక్కుతుంది, చీకటి పడే వేళకు దిగుతుంది. కాలికి బలపం కట్టుకుని తిరిగే కోడలు ఏ అత్తకు నచ్చుతుంది గనుక? "రెంటికి చెడ్డ రేవడి అయితవు పో" అనేది. అంటూనే టిఫిన్ డబ్బాలో సర్వపిండి మడిచి పెట్టేది. తిట్టే నోరూ పెట్టే చెయ్యీ ఒక్క మనిషికే ఉండటం మనవైపు మామూలే.

ఇక ఆ గీత సంగతి. ఇది చెప్పకపోతే రత్నమాల కథ చెప్పినట్టు కాదు.

పెళ్లయిన కొత్తలో మహేందర్ ఒక పాత సాంచ కొనుక్కొచ్చాడు. కొత్తగా సాంచ ఎక్కించాలంటే పడుగులోని ప్రతి పోగునూ ఒక సన్న తీగ కన్నులోంచి దూర్చాలి. ఒకటి ముందు వరసకు, దాని పక్కది వెనక వరసకు, మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కు. వేల పోగులు. సూది కన్నులో దారం ఎక్కించడానికే కళ్లద్దాలు వెతుక్కునేవాళ్లు ఈ పని ఊహించుకోవచ్చు. అయితే ఈ చాకిరీ సాంచకు మొదట్లో ఒక్కసారే. ఆ తర్వాత పడుగు చుట్టిన బీము ఒకటి అయిపోతే, పాత పోగుల కొసలను సాంచలోనే వదిలిపెట్టి, కొత్త బీము పోగులను వాటికి ముడేసి లాగుతారు. ముళ్లు వేసేవాళ్లను వైపనివాళ్లు అంటారు. మొదట దూర్చినవాడు ఏ దారి చూపాడో తర్వాత వచ్చే పోగులన్నీ ఏళ్ల తరబడి ఆ దారినే నడుస్తాయి. అతను తప్పితే అన్నీ తప్పుతాయి.

ఆ పని ఐలయ్య చెయ్యవలసింది. వైపనిలో ఐలయ్యది పెద్ద చెయ్యి. కానీ కొత్త పెళ్లాం చూస్తుంటే మహేందర్‌కు చేతులు ఊరుకోలేదు. "నేనే దూరుస్త" అని కూర్చున్నాడు. అవతలివైపు రత్నమాల కూర్చుని ఒక్కొక్క పోగూ వేరుచేసి అందించింది. అందించే చెయ్యి వంక, ఆ చెయ్యిగల మనిషి మొహం వంక చూస్తూ మహేందర్ ఒకచోట పక్కపక్క పోగులు రెండింటినీ ఒకే వరసకు ఎక్కించేశాడు. సాంచ నడిచాక తెలిసింది. అంచు నుంచి జానెడు లోపల గుడ్డ పొడుగునా సన్నటి గీత. రెండు పోగులు జంటగా లేచి జంటగా దిగుతున్నాయి.

ఐలయ్య వచ్చి గుడ్డ మీద బొటనవేలు రాసి నవ్వాడు. "కొత్త పెండ్లికొడుకు పని గిట్లనే ఉంటదిరా."

"తప్పు నాది కాదు మామా, గామెది" అన్నాడు మహేందర్. "మొకం గట్లెందుకుండాలె?"

రత్నమాల లేచి లోపలికి పారిపోయింది.

సరిచెయ్యాలంటే గీత పడ్డచోటు నుంచి అంచుదాకా పోగులన్నీ కోసి మళ్లీ దూర్చాలి. సాంచ ఆగుతుంది. నేసేది లంగా గుడ్డ, తర్వాత రంగులో ముంచేది. లంగా మీద గీత ఎవరు చూస్తారు? చూస్తే మొగుడు చూడాలి, వాడికి గీత పట్టించుకునే తీరిక ఉండదు, అని కార్ఖానాలో ఒకటే నవ్వులు. తర్వాత చేద్దాంలే అన్నారు. మన దగ్గర తర్వాత చేద్దాంలే అన్న పని ఎన్నటికీ కాదు. ఏళ్లు గడిచాయి. పోగులు సర్దే పన్నె మార్చారు, మోటారు మార్చారు, కప్పు రేకులు మార్చారు. గీత మాత్రం ఉండిపోయింది. దానికి గీత పడే సాంచ అని పేరే స్థిరపడింది.

రత్నమాల వ్యాపారంలోకి వచ్చింది ఆ గుడ్డతోనే. సిరిసిల్ల ఉత్త గుడ్డ నేసి అమ్ముకుంటుంది, దాన్ని లంగాలు కుట్టినవాళ్లు బాగుపడుతున్నారు, ఆ కుట్టేదేదో మనమే ఎందుకు కుట్టకూడదు? క్లాసులో పిల్లలకు చెప్పే పాఠమే ఇది. చెప్పి చెప్పి తనకే సిగ్గేసి, బీడీలు మానుకోవాలని చూస్తున్న ఆడవాళ్లను పోగుచేసి కుట్టుమిషన్లు పెట్టింది. మొదట లంగాలు, తర్వాత బడిపిల్లల యూనిఫాంలు. ఊరిబయట రేకుల షెడ్డు లేచింది, ఇంట్లోని సాంచలూ అందులోకే చేరాయి. మొగవాళ్ల కార్ఖానాల నడుమ ఒక ఆడమనిషి బోర్డు వేలాడేసరికి గాంధీచౌక్‌లో కొందరికి టీ చేదయింది. "సదువుకున్నదాని యాపారం సాగిందాక చూద్దాం" అన్నారు. కందకు లేని దురద కత్తిపీటకు. యాపారం సాగింది. అన్నవాళ్లలో ఇద్దరు తర్వాత తమ పెళ్లాలను ఆమె దగ్గర కుట్టుపనికి పంపారు.

కాలేజీ వాళ్లూ ఊరుకోలేదు. వస్త్ర వ్యాపారం మీద కొత్త కోర్సు పెట్టి, పుస్తకం చదివి చెప్పేవాళ్లు బోలెడుమంది, నడిపి చెప్పేది మీరొక్కరే అని ఆమె చేతిలో పెట్టారు. బస్సు కిటికీ పక్కన కూర్చుని చదివి, రాసి, డాక్టరేటు కూడా తెచ్చుకుంది. సాంచల రొదలో మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు పెద్దదైపోయింది. ఆమె పాఠం చెబితే వరండా చివరి గదిలో ఇంకో సారు పాఠం ఆపుకోవలసి వచ్చేది.

ఏటా కొత్త పిల్లలకు మొదటి పాఠం ఒకటే. పొద్దున బయల్దేరేముందు గీత పడే సాంచ మీది నుంచి మీటరు గుడ్డ కోసి సంచీలో పెట్టుకునేది. క్లాసులో కళ్లు మూసుకోమని, బొటనవేలితో తప్పు పట్టుకోమనేది. ఒకరి తర్వాత ఒకరు వేలు రాసి, ఒకచోట ఆగి, "గిదే మేడమ్!" అని కేకేసేవాళ్లు. అప్పుడు చెప్పేది, మొదటిరోజు చేసిన చిన్న తప్పును ఆ రోజే సరిచెయ్యకపోతే ఎన్నేళ్లు మోయాలో. గుడ్డను పిల్లలు తలా ఒక పేలిక చించుకుని పుస్తకాల్లో దాచుకునేవాళ్లు. మొగుడి పేరు చెప్పేది కాదు. ఇంటికి వస్తే మహేందర్ అడిగేవాడు.

"ఇయ్యాల నా తప్పు సెప్పినవా?"

"సెప్పిన."

"నా తప్పుకు నువ్వు జీతం తీసుకుంటున్నవు చూడు, గది సదువంటే."

పిల్లలు కలగలేదు. ఆ సంగతి మీద ఊరు మాట్లాడవలసినదంతా మాట్లాడి అలసిపోయింది. వాళ్లిద్దరికీ మాత్రం మాట్లాడుకోవడానికి సాంచలున్నాయి, కాలేజీ ఉంది, ఆ గీత ఉంది.

నిరుడు ఎండాకాలం ఒక మధ్యాహ్నం మహేందర్ కార్ఖానా గుమ్మంలో టీ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడు. ఆటోలో వేసుకుని పోయారు. ప్రాణం ఆసుపత్రి గేటు దాకా కూడా ఆగలేదు. ఏది ముందు ఆగుతుందో చూద్దామన్న మనిషే ముందు ఆగిపోయాడు. రత్నమాల అప్పుడు జగిత్యాలలో క్లాసులో ఉంది. ఫోను సంచీలో ఉంది. పాఠం పూర్తిచేసి, హాజరు తీసుకుని, ఆ తర్వాతే చూసుకుంది.

ఆమె ఏడవలేదు.

శవం దగ్గర కూర్చుంది. లెమ్మంటే లేచింది. తినమంటే తిన్నది. గాజులు తీస్తామని ముసలమ్మలు వస్తే చేతులు చాపింది. దినాలయ్యే దాకా కార్ఖానా మూసి ఉంచారు, ఆ మర్నాడు ఆమే తాళం తీసింది. దాని తర్వాతి సోమవారం కాలేజీకి పోయింది. గట్టిగుండె అన్నవాళ్లున్నారు, రాతిగుండె అన్నవాళ్లున్నారు. రెండూ తప్పే. అక్కడ గుండె ఉన్నట్టే ఆమెకు తెలియలేదు. లోపల వెతికితే ఏదీ తగల్లేదు, అంతే. దుఃఖం వస్తే బాగుండునని కూడా అనిపించలేదు. పొద్దున మొహం కడుక్కునేటప్పుడు నీళ్లు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో చెప్పలేకపోయేది.

ఇది చూసి శంకరవ్వకు కొడుకు చావుకన్నా ఎక్కువ భయం వేసింది. ఒకరోజు పచ్చిపులుసులో కావాలనే ఉప్పు వెయ్యలేదు. కోడలు కలుపుకుని తిని చెయ్యి కడుక్కుంది. మర్నాడు అసలు చింతపండే పిసకలేదు, ఉత్త నీళ్లలో ఉల్లిగడ్డ, కారం వేసి పెట్టింది. అదీ తిన్నది.

"ఎట్లున్నది?" అని అడిగింది ముసలామె.

"మంచిగున్నది అత్తా."

శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయి, కోడలి వంతు కూడా కలిపి ఏడ్చింది.

కార్ఖానాలోనూ అంతే. ఒకరోజు సాంచలన్నీ నడుస్తుండగా రత్నమాల ఐలయ్యకు ఏదో చెబుతోంది, ఆ రొదలో ఎట్లా చెప్పాలో అట్లా, గొంతు చించుకుని. హఠాత్తుగా కరెంటు పోయింది. సాంచలన్నీ ఆగాయి. షెడ్డంతా గమ్మున అయిపోయింది. ఆమె మాత్రం అదే గొంతుతో అరుస్తూనే ఉంది. పనివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఐలయ్య దగ్గరకు వచ్చి మెల్లగా, "కరంటు పోయింది కోడలా" అన్నాడు.

"అవునా?" అని ఆమె మాట ఆపింది.

ఈ ఏడు ఊరు పరిస్థితి అంతంతమాత్రంగా ఉంది. ఆర్డర్లు లేవు. బి.వై. నగర్‌లో సందుకో తాళం పడింది. తాతల నాటి సాంచలను తుక్కు కింద తూకానికి అమ్ముకుంటున్నారు. రత్నమాల షెడ్డులోనూ సగం రోజులు సాంచలు ఊరికే నిలబడుతున్నాయి. కుట్టుపని ఆడవాళ్లలో కొందరు అటకల మీది బీడీ చాటలు దించుకున్నారు. అందర్నీ పిలిచి ఆమె దాచకుండా చెప్పింది. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆసుపత్రుల్లో రోగులు వేసుకునే అంగీలకు తెల్లగుడ్డ అడుగుతోంది. గుడ్డ నచ్చితే ఏడాదంతా నేతా కుట్టూ రెండూ మనవే. నచ్చకపోతే ఈ నెలాఖరుకు షెడ్డు మూసేస్తున్నాం. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఏమీ లేదు. రేపు బస్సు ఎన్నింటికో చెబుతున్నట్టు చెప్పింది. విన్నవాళ్లు మాత్రం నెలాఖరుకు ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు.

గుడ్డ చూడటానికి దినేశ్ అనే కుర్రాడు వచ్చాడు. కంపెనీ మనిషి, మర్యాదగలవాడు. ఒక్కొక్క సాంచ దగ్గర ఆగి, గుడ్డను వెలుగుకు పట్టి చూసి తల ఊపుతూ పోయాడు. గీత పడే సాంచ దగ్గర ఆగిపోయాడు.

"మేడమ్, ఇదేంటి?"

"గీత" అంది రత్నమాల.

"తెల్లగుడ్డ కదా మేడమ్, ఇది బయటపడిపోతుంది. ఒక్క తానులో కనిపించినా లాట్ మొత్తం వెనక్కి పంపేస్తారు మావాళ్లు. మిగతావన్నీ బాగున్నాయి. దీన్ని సరిచేయిస్తే ఆర్డర్ మీదే. వచ్చే వారం ఫోటో పంపండి చాలు."

అతను కారెక్కి పోయాడు. సాంచలు నడిపేవాళ్లు, కుట్టుపని ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఆ గీత ఎవరిదో అందరికీ తెలుసు. అనలేక అనలేక ఐలయ్యే అన్నాడు.

"గీ ఒక్క సాంచ పక్కకు పెడ్దాం బిడ్డా. ఉన్నయాటితోని నడుపుదాం."

"తారీఖుకు అందది మామా. ఉన్నయన్ని నడిస్తెనే సరిపోతది."

"సరిజేస్తే మరి... పోతది గద."

"పోనీ."

"ఇంకోపాలి ఆలోచన జెయ్యి కోడలా."

"ఆలోచన చేసేదేమున్నది? గుడ్డల తప్పున్నది. తియ్యి."

పాఠం చెబుతున్నట్టే చెప్పింది. నిజానికి ఆమె చెప్పింది ఒప్పే. ఇందరి పొయ్యిలు వెలగాలంటే ఆ రెండు పోగులు విడిపోవలసిందే. తప్పు పట్టడానికి ఎవరికీ నోరు లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న శంకరవ్వ ఒక్కతే, "నా కొడుకు ఏలువెట్టిన జాగ అది" అంది, ఎవరితోనో కాకుండా గాలితో. ఆ మాట రత్నమాల విన్నది. విని, ఐలయ్యకు కత్తెర అందించింది.

ఐలయ్య మొహం పక్కకు తిప్పుకుని కోశాడు. పోగుల కొసలు వేలాడాయి. ఇక మళ్లీ దూర్చాలి. ఇవతల ఐలయ్య కూర్చున్నాడు. అవతల కూర్చుని పోగులు అందించే మనిషి ఆ రోజు రాలేదు. ఇంకొకరి కోసం ఆగితే పొద్దుపోతుందని రత్నమాలే పీట లాక్కుని కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఎక్కడ కూర్చుందో సరిగ్గా అక్కడే. అదే చెయ్యి ఒక్కొక్క పోగూ వేరుచేసి ముందుకు చాపింది. తీగల అవతల ఇప్పుడు ఐలయ్య నెరిసిన తల ఉంది. ముసలాయన కళ్లలోంచి నీళ్లు కారి మీసాల్లో ఇంకుతున్నాయి. ఆమె చూసింది. పాపం కళ్లు మండుతున్నట్టున్నాయి, చుక్కల మందు తెప్పించాలి అనుకుంది. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

పొద్దు వాలేసరికి సాంచ నడిచింది. గుడ్డ తెల్లగా, సాపుగా, మచ్చలేకుండా వచ్చింది. ఐలయ్య అలవాటు కొద్దీ బొటనవేలు రాయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రత్నమాల ఫోటో తీసి పంపింది. ఆర్డరు వచ్చింది. ఆడవాళ్లు బీడీ చాటలు మళ్లీ అటకెక్కించారు. ఎవరో బూందీ తెచ్చి పంచారు. ఆమె కూడా తిన్నది. తియ్యగా ఉందన్నారు, ఉండే ఉంటుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే కాలేజీలో కొత్త పిల్లలు చేరారు. మొదటి పాఠం రోజు పొద్దున ఆమె ఎప్పటిలాగే కార్ఖానాకు పోయింది. ఎప్పటిలాగే ఆ సాంచ మీది నుంచి మీటరు గుడ్డ కోసి, మడిచి, సంచీలో పెట్టుకుంది. ఇది చదివేవాళ్లు అయ్యో అనుకుంటారు, గీత పోయిందని ఆమెకు తెలియదా అనుకుంటారు. తెలుసు. చేతులకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఏటా చేసిన పని చేతులు వాటంతట అవి చేసుకుపోయాయి. ఇల్లు దాటడం, బస్సెక్కడం, దిగడం, హాజరు తియ్యడం ఏడాదిగా చేస్తున్నది చేతులూ కాళ్లే.

వేములవాడ దాటింది. కొడిమ్యాల దాటింది. జగిత్యాల కొత్త బస్టాండులో దిగి ఆటో ఎక్కింది. క్లాసులో పిల్లలు లేచి నిలబడ్డారు. పేర్లడిగింది. ముందు బల్లలో కూర్చున్న పిల్ల ప్రవీణ, మేడిపల్లి నుంచి వస్తుందట, కొత్త చెప్పులు కరుస్తున్నాయేమో విడిచేసి కాళ్లు బల్లకింద ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. పక్కనున్నది వర్ష, జగిత్యాల పిల్లే, బెరుకు తెలియదు.

రత్నమాల గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. గొంతు ఎప్పటి గొంతే, వరండా చివరిదాకా పోయింది.

"గీ గుడ్డల ఒక తప్పున్నది. అంచు నుంచి జానెడు లోపల. కండ్లకు జల్ది దొర్కది. కండ్లు మూసుకోండ్రి, బొటనవేలు రాయుండ్రి. ఏలుకు దొర్కుతది."

ప్రవీణ లేచి వచ్చి కళ్లు గట్టిగా మూసుకుని వేలు రాసింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. నుదుటి మీద చెమట పట్టింది. మొదటిరోజే మేడమ్ దగ్గర మాట పడటం ఇష్టంలేక, "దొర్కింది మేడమ్" అంది చిన్నగా.

"ఏడ?"

"గీడ... గీడనే ఏడనో."

తర్వాత వర్ష వచ్చింది. రెండుసార్లు రాసింది. కళ్లు తెరిచేసింది.

"ఏం లేదు మేడమ్ గాడ."

"సక్కగ చూడు."

"సక్కగనే చూసిన మేడమ్. మంచిగున్నది గుడ్డ."

"ఉంటది. ఓపిక ఉండాలె" అంది రత్నమాల. ఏటా ఎవరో ఒకరు ఇట్లా అనేవాళ్లే. "ఇటు తే, చూపిస్త."

గుడ్డ తన ముందుకు లాక్కుంది. కళ్లు మూసుకుంది. బొటనవేలు అంచు మీద ఆనించి లోపలికి జరిపింది. ఆ వేలికి దారి తెలుసు. ఎంత దూరం పోవాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. అక్కడికి పోయింది. ఆగడానికి ఏమీ తగల్లేదు. ఇంకొంచెం పోయింది. వెనక్కి వచ్చింది. గుడ్డ తిరగబడిందేమోనని రెండో అంచు నుంచి రాసింది. లేదు. కళ్లు తెరిచి కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగుకు పట్టింది. తెల్లటి గుడ్డ. ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒక్క తప్పు లేదు.

ఆమె ఆ గుడ్డను మళ్లీ మళ్లీ తిరగేస్తూనే ఉంది.

కత్తెర తనే అందించింది. పోగులు తనే అందించింది. పోనీ అన్నది తనే. ఇక ఏ సాంచ మీదా, ఏ తానులోనూ, ఎన్ని ఊళ్లు తిరిగినా, అతను తన మొహం చూస్తూ చేసిన ఆ తప్పు మళ్లీ నెయ్యబడదు. ఇంటికి పోతే "ఇయ్యాల నా తప్పు సెప్పినవా" అని అడిగే మనిషి లేడు, చెప్పడానికి తప్పూ లేదు. గుండెల కింద ఎక్కడో ఏడాదిగా మొద్దుబారి పడి ఉన్నది ఒక్కసారిగా మెలితిరిగింది. ఎంత నొప్పి! కాలు తిమ్మిరి వదిలేటప్పుడు ఉంటుందే, అట్లా ఒళ్లంతా.

"మేడమ్, ఏమైంది?" ప్రవీణ చెప్పులు లేకుండానే లేచి వచ్చింది.

రత్నమాల ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఏడాదిలో ఎవరితోనూ, ఏ ఆఫీసులోనూ, తన తల్లితో కూడా అనని మాట అప్పుడు నోటివెంట వచ్చింది.

"మా ఆయన సచ్చిపోయిండు బిడ్డా."

ఆ సంగతి కాలేజీ అంతటికీ నిరుడే తెలుసు. ఆమెకు ఆ పొద్దే తెలిసింది. గుడ్డలో మొహం పెట్టుకుని, సాంచల రొద మీది నుంచి పలికే ఆ గొంతుతోనే ఏడ్చింది. వరండా చివరి గదిలో సారు పాఠం ఆపేశాడు.